సర్వర్ కొన్నాక మళ్లీ లైసెన్సెందుకు? రాయగడ ఆఫీసుల ప్రశ్న వెనక ముప్పై ఏళ్ల కథ

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు చిన్న ఆఫీసుల్లో పాత సర్వర్లు మార్చక తప్పని పరిస్థితి వచ్చింది. విండోస్ సర్వర్ 2012 ఆర్2కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2023 అక్టోబర్ 10తో ముగిసింది. విశాఖపట్నం నుంచో భువనేశ్వర్ నుంచో కొటేషన్ తెప్పిస్తే మొదటి వరసలో మెషీను, రెండో వరసలో విండోస్ సర్వర్ స్టాండర్డ్ ఉంటాయి. వాటిని చూసి ఎవరూ ఆశ్చర్యపోరు. పేచీ అంతా మూడో వరస దగ్గరే: క్లయింట్ యాక్సెస్ లైసెన్సులు, అందరూ క్యాల్ అనేవి, పాతిక. సర్వర్‌ను వాడుకునేందుకు మనిషికో కంప్యూటర్‌కో ఉండాల్సిన హక్కు ఇది.

"మెషీను కొంటున్నాం, అందులో విండోస్ కూడా కొంటున్నాం. మళ్లీ మా పాతికమందికీ విడిగా ఇదేంటి బాబూ?" అని మిల్లు యజమాని అడుగుతాడు. న్యాయమైన ప్రశ్నే. ఇన్నాళ్లూ మన ఆఫీసులు చూసిన లెక్క వేరు. ట్యాలీ గోల్డ్ ఒక్కటి కొంటే ఆ ఆఫీసు నెట్‌వర్కు (లాన్)లో ఎంతమందైనా వాడుకోవచ్చు. ఆ అలవాటుతో చూస్తే మూడో వరస అదనపు వసూలులాగే కనిపిస్తుంది. చాలాచోట్ల దాన్ని కొట్టేస్తారు. బేరం చెడకూడదని అమ్మేవాళ్లూ నోరు మెదపరు. అదే తప్పు. ఆ వరస ఎక్కడినుంచి వచ్చిందో తెలిస్తే దాన్ని కొట్టేయాలో ఉంచాలో యజమానే తేల్చుకోగలడు.

మొదట్లో సాఫ్ట్‌వేర్‌కు విడిగా ధరే లేదు. పెద్ద కంప్యూటర్‌తో పాటే వచ్చేది. 1969 జూన్‌లో ఐబీఎం సాఫ్ట్‌వేర్‌నూ సేవలనూ మెషీను నుంచి విడదీసి అమ్ముతామని ప్రకటించాక ఆ పద్ధతి మారింది.

ఆఫీసు నెట్‌వర్కుల దగ్గరికి వస్తే, 1980ల చివర, 1990ల మొదట్లో రాజ్యం నోవెల్ కంపెనీ సర్వర్ సాఫ్ట్‌వేర్ నెట్‌వేర్‌ది. దాన్ని మనుషుల లెక్కన అమ్మేవారు: 5, 10, 25, 50, 100, 250 మందికి. పదిమంది ప్యాక్ కొంటే పదకొండోవాడికి లాగిన్ దొరికేది కాదు. ఎవరో ఒకరు బయటికొస్తేనే అతనికి చోటు. ఒకే సీరియల్ నంబర్‌తో అదే నెట్‌వర్కులో రెండో సర్వర్ కనిపిస్తే కాపీరైట్ ఉల్లంఘన అంటూ హెచ్చరికలు మొదలయ్యేవి. కఠినమే, కానీ అందులో దాపరికం లేదు. ఎంతమందికి కొన్నారో యజమానికీ తెలుసు, సర్వర్‌కూ తెలుసు.

1993లో విండోస్ ఎన్‌టీ 3.1 అడ్వాన్స్‌డ్ సర్వర్‌తో మైక్రోసాఫ్ట్ నోవెల్‌కు పోటీగా దిగింది. అప్పుడు వాడేవాళ్ల తలల లెక్క లేదు. మరుసటి ఏడాది ఎన్‌టీ 3.5 వచ్చింది. సర్వర్ ధర తగ్గించారు, దాన్ని వాడే ప్రతి కంప్యూటర్‌కూ విడిగా లైసెన్స్ పెట్టారు. మన కొటేషన్‌లోని మూడో వరస పుట్టింది ఇక్కడే. చిన్న ఆఫీసు తక్కువకే సర్వర్ కొనుక్కోవచ్చు, పెద్ద ఆఫీసు వాడకాన్ని బట్టి ఎక్కువ కడుతుంది. లెక్కగా చూస్తే ఇందులో అన్యాయమేమీ లేదు.

చిక్కు వచ్చింది కాపలా దగ్గర. నెట్‌వేర్ లాగా తలుపు మూసే పద్ధతి క్రమంగా పోయింది. ఇవాళ విండోస్ సర్వర్ స్టాండర్డ్ ఫైళ్లు ఇచ్చేటప్పుడు మీ దగ్గర క్యాల్ ఉందా అని అడగదు. క్యాల్‌కు సర్వర్‌లో ఎక్కించే కీ కూడా ఉండదు, అది మీ దగ్గర ఉండే హక్కు పత్రం మాత్రమే. అందుకే ఒక్కటీ కొనని ఆఫీసులో కూడా పాతికమంది హాయిగా పని చేసుకుంటారు. ఏదీ ఆగలేదు కాబట్టి అంతా సక్రమమేనని అనుకుంటారు.

ఆగేది ఒక్కచోట, రిమోట్ డెస్క్‌టాప్ దగ్గర, అంటే దూరంగా ఉన్న కంప్యూటర్ నుంచి సర్వర్‌లోకి వెళ్లి పని చేసేచోట. మన జిల్లాల్లో ఈ వాడకం బాగా ఉంది. రాయగడ హెడ్డాఫీసు సర్వర్‌లో ట్యాలీ పెట్టి, గుణుపురం బ్రాంచిలోని అకౌంటెంట్ అక్కడినుంచే ఓచర్లు ఎక్కిస్తాడు. సర్వర్ నిర్వహణ కోసమైతే ఇద్దరు అడ్మినిస్ట్రేటర్లు ఒకేసారి ఇలా లోపలికి వెళ్లొచ్చు. రోజువారీ పనికి మాత్రం సర్వర్‌లో రిమోట్ డెస్క్‌టాప్ సర్వీసెస్ (ఆర్‌డీఎస్) అనే భాగాన్ని ఎక్కించాలి, ఆపైన మామూలు క్యాల్‌తో పాటు మనిషికో పరికరానికో ఆర్‌డీఎస్ క్యాల్ కొనాలి. ఈ క్యాల్‌ల లెక్క చూసే లైసెన్స్ సర్వర్ పెట్టకపోయినా 120 రోజుల గడువిస్తారు. ఏప్రిల్ మొదట్లో కొత్త పద్దుల కోసం పెట్టిన సర్వర్ జులై నెలాఖరుకల్లా బ్రాంచివాళ్లను తోసేస్తుంది. లైసెన్స్ సర్వర్ అందుబాటులో లేదన్న సందేశం తెర మీద కనిపిస్తుంది, బ్రాంచినుంచి ఫోన్లు మొదలవుతాయి. అప్పుడు కొందరు మెకానిక్కులు విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో ఆ గడువు తాలూకు నమోదును తుడిచేసి, మళ్లీ 120 రోజులు తెప్పిస్తారు. దీన్ని రిపేరు అనడం నాకు ఒప్పదు. యజమానికి చెప్పకుండా అతని పేరు మీద లైసెన్స్ ఒప్పందాన్ని ఉల్లంఘించడమే.

మామూలు క్యాల్‌లో మనిషికా పరికరానికా అన్న ఎంపిక విండోస్ సర్వర్ 2003తో వచ్చింది. మన మిల్లులకు ఇది నిజంగా పనికొచ్చే మార్పు. వేబ్రిడ్జి గదిలో ఒక్కటే కంప్యూటరు, మూడు షిఫ్టులకు ముగ్గురు కూర్చుంటారు. అక్కడ డివైస్ క్యాల్ ఒక్కటి చాలు. అదే మేనేజరు ఆఫీసులో డెస్క్‌టాప్, దారిలో ల్యాప్‌టాప్, ఇంట్లో ఇంకోటి వాడితే అతనికి యూజర్ క్యాల్ ఒక్కటి సరిపోతుంది. నర్సింగ్ హోము కౌంటర్లకూ ఇదే లెక్క. పాతిక యూజర్ క్యాల్‌లని గుడ్డిగా రాసిన కొటేషన్‌ను ఇలా కూర్చుని విడదీస్తే, చాలాసార్లు సంఖ్య తగ్గుతుంది.

రెండో వరస కూడా మారింది. 2016 నుంచి విండోస్ సర్వర్‌ను ప్రాసెసర్ కోర్ల లెక్కన అమ్ముతున్నారు. సర్వర్‌కు కనీసం 16 కోర్లకు కట్టాలి. ఎనిమిది కోర్ల చిన్న మెషీనుకూ పదహారుకే బిల్లు.

సర్వరే లేకుండా మామూలు విండోస్ ప్రో కంప్యూటరులోంచి ఫైళ్లు పంచుకునే ఆఫీసులూ ఉన్నాయి. దానికీ హద్దుంది. దానికి కలిసే కంప్యూటర్లు ఎన్‌టీ వర్క్‌స్టేషన్ 4.0 కాలంలో 10, విండోస్ 7 నుంచి 20. పదిహేను కంప్యూటర్ల ఆఫీసుకు ఇదే సరైన దారి కావచ్చు.

ఇంకో దారి సాంబా. ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్ 1992లో మొదలుపెట్టిన ఈ ఉచిత సాఫ్ట్‌వేర్‌తో లైనక్స్ మెషీను విండోస్ కంప్యూటర్లకు ఫైల్ సర్వర్‌గా పని చేస్తుంది. తలల లెక్క లేదు. 2012 డిసెంబర్‌లో వచ్చిన సాంబా 4.0 నుంచి ఆఫీసు మొత్తం లాగిన్లను ఒకేచోట చూసుకునే యాక్టివ్ డైరెక్టరీ డొమైన్ కంట్రోలర్‌గానూ నడుస్తుంది. కానీ ఉచితమన్నంత మాత్రాన నిలకడ ఉంటుందని కాదు. ఉచిత లైనక్స్ రకమైన సెంట్‌ఓఎస్ 8ను నమ్ముకున్నవాళ్లకు అప్‌డేట్లు 2021 చివరికే ఆగిపోయాయి. రాత్రి పదికి సర్వర్ పడిపోతే లైనక్స్ తెలిసినవాడు మన ఊళ్లో దొరుకుతాడా అన్నది ముందే చూసుకోవాలి.

చట్టం సంగతి. క్యాల్‌లు తక్కువ పడటం ముఖ్యంగా ఒప్పంద ఉల్లంఘన. దొంగ కాపీ సంగతి వేరు. కాపీరైట్ చట్టం 63బి ప్రకారం దొంగ కాపీ అని తెలిసీ కంప్యూటర్‌లో వాడితే 7 రోజుల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా పడొచ్చు. వ్యాపారం కోసం వాడలేదని తేలితే కోర్టు జైలు వేయకుండా జరిమానాతో వదిలేయవచ్చు. మిల్లుకో ట్రాన్స్‌పోర్టు ఆఫీసుకో ఆ మినహాయింపు దొరకడం కష్టం.

సర్వర్ మార్చేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. అప్పట్లో 2012 క్యాల్‌లు కొని ఉన్నా అవి 2022 సర్వర్‌కు పనికిరావు. క్యాల్ సర్వర్ వెర్షన్‌దో, దానికంటే కొత్తదో అయి ఉండాలి. కొత్తవి కొన్నాక ఆ పత్రాన్నీ, వచ్చిన మెయిల్ ప్రింటునూ కొనుగోలు బిల్లుతో పాటు ఒకే ఫైల్లో పెట్టండి. రేపు ఆడిట్‌కు ఎవరైనా వస్తే చూపించడానికి ఆ కాగితాలు తప్ప సర్వర్‌లో ఇంకే రుజువూ ఉండదు.