క్రిస్మస్ ఫ్యామిలీ ఫోటో: ‘ఫోన్‌ల ఉన్నది కదా’ అనుకునేవాళ్ల కోసం

దేవరకొండలో స్టూడియో పెట్టి పదిహేడేళ్లయింది. డిసెంబరు 20 దాటిందంటే బొంబాయి, పూణె, హైదరాబాద్‌లలో పనిచేసుకునే మా దిక్కువాళ్లంతా ఇళ్లకొస్తారు. సెమీ క్రిస్మస్ మొదలు జనవరి 1 ఆరాధన దాకా ఏ ఇంట్లో చూసినా ఫోటోలే. సంక్రాంతి రాకముందే మాత్రం ఇంట్లో మనిషిని పోగొట్టుకున్న ఎవరో ఒకరు ఏడ్చి ఎర్రబడ్డ కళ్లతో షాపు మెట్లెక్కుతారు: "అన్నా, ఫోన్‌ల ఫోటో ఉన్నది, జర పెద్దగ చేసియ్యి." ఏటా ఇదే మాట. ఏటా వాళ్లకు అదే సమాధానం చెప్పలేక చస్తున్నాను. అందుకే ఇది పండుగకు ముందే రాస్తున్నాను.

అపోహ: వాట్సాప్‌లో వచ్చిన ఫోటోను ఎంత సైజుకైనా కడిగించుకోవచ్చు.

వాస్తవం: కుదరదు. ఫోన్ తెర అరచేయంత ఉంటుంది కాబట్టి అందులో ప్రతి ఫోటో తళతళలాడుతుంది. 12 మెగాపిక్సెల్ ఫోటో అడ్డంగా 4000 పిక్సెళ్లు, అంటే ఫోటోను కూర్చే చిన్న చుక్కలు, ఉంటుంది. మామూలుగా వాట్సాప్‌లో పంపితే అది సుమారు 1600కు పడిపోతుంది. లెక్క మీరే వేయండి. ఇరవై రెండు మంది రెండు వరసల్లో నిలబడ్డారు, వరసకు పదకొండు మంది. మనిషికి వచ్చేది 145 పిక్సెళ్లు, ముఖానికి మహా అయితే 60. ఆ ముఖాన్ని 12×18 ఫ్రేములో ఐదు అంగుళాల వెడల్పుకు లాగితే అంగుళానికి 12 పిక్సెళ్లు. మంచి ప్రింటుకు మేం చూసుకునేది 300. అదే గ్రూపు ఫోటోను 4×6 కడిగిస్తే చక్కగా వస్తుంది, అది వేరే సంగతి. అందులోంచి ఒక్క ముఖం తీసి పెద్దది చేయమన్నప్పుడే చిక్కంతా.

రెండేళ్ల కింద జనవరిలో ఇద్దరు అన్నదమ్ములొచ్చారు. నాయన పోయాడు, మూడు రోజుల్లో జ్ఞాపకార్థ కూడిక, ఫ్లెక్సు కావాలి, ఫ్రేము కావాలి. చేతిలో ఉన్నది క్రిస్మస్ నాడు చర్చి ముందు దిగిన గ్రూపు ఫోటో ఒక్కటే, అదీ మూడు నాలుగు ఫోన్లు తిరిగొచ్చింది. ఒరిజినల్ ఎవరి దగ్గరుందని అడిగితే బావమరిది ఫోన్‌లో తీశాడన్నారు. ఫోన్ చేశాం. "గ్రూపుల పెట్టిన కదా అని డిలీట్ చేసిన బావా, మెమరీ ఫుల్లయింది" అన్నాడు. అవతల ఆ పిల్లగాడు ఏడుస్తున్నాడు. వాడిని ఏమనగలం?

పెద్దవాడు ఏదో యాప్‌లో వేసి ముఖం ‘క్లియర్’ చేయించాడు. దగ్గరగా చూస్తే నున్నటి చెంపలు, ఒత్తు మీసం, రెండు కళ్లూ సమానంగా ఉన్నాయి. వాళ్లమ్మ కంప్యూటర్ ముందుకొచ్చి చాలాసేపు చూసింది. "ఈయన ఎవలు బిడ్డా? మీ నాయనకు ముఖం నిండ అమ్మవారి మచ్చలుండె" అన్నది. ఏఐతో ఏదైనా బాగవుతుందని నమ్మేవాళ్లకు నేను చెప్పేది ఇదే. ఫోటోలో లేని మచ్చను అది తేలేదు. లేని చోట ఎవరిదో ముఖం అల్లి పెడుతుంది.

చివరికి ఆమే సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసింది. అందులో పెన్షన్ కాగితాల మధ్య ఒక పాస్‌పోర్ట్ సైజు ఫోటో, మూల కొంచెం మడత పడింది. 1200 డీపీఐలో, అంటే అంగుళానికి 1200 చుక్కల లెక్కన స్కాన్ చేస్తే అడ్డం 1650 దాకా పిక్సెళ్లొచ్చాయి, అన్నీ ఒక్క ముఖానివే. మచ్చలన్నీ ఉన్నాయి. ఫ్రేము దాంతోనే చేశాను.

కాబట్టి ఈసారి ఊరు విడిచి వెళ్లేలోపు ఫోటో ఎవరి ఫోన్‌లో తీశారో ఆ ఫోన్ పట్టుకోండి. వాట్సాప్‌లోనే పంపాలంటే గ్యాలరీ నుంచి కాకుండా ‘డాక్యుమెంట్’ కింద పంపండి, ఫైలు ఉన్నదున్నట్టు పోతుంది. హెచ్‌డీ నొక్కితే కొంత మేలే గాని అది కూడా ఒరిజినల్ కాదు. పెన్ డ్రైవ్‌లో ఒక కాపీ, ఇంకొకరి ఇంట్లో ఇంకో కాపీ ఉంచండి. నాలుగు ఫోటోలైనా కాగితం మీద కడిగించి బీరువాలో పెట్టండి.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. ముసలివాళ్లను ఒక్కరినే కూర్చోబెట్టి ఫోటో తీస్తే కీడని చాలా ఇళ్లలో భయం. "గోడకు పెట్టేటందుకా?" అని నాయనమ్మే అంటుంది. ఆ భయాన్ని నేను ఎన్నడూ కొట్టిపారేయను. ఒళ్లో చిన్న మనవడినో మనవరాలినో కూర్చోబెట్టమంటాను. పిల్ల గద్దువ పట్టుకుంటే ముసలామె తనంత తానే నవ్వుతుంది. అప్పుడు దగ్గరికెళ్లి ఛాతీ నుంచి పైకి రెండు మూడు ఫోటోలు తీయండి. ఎవరికీ మనసు నొచ్చుకోదు, ముఖానికి కావలసినన్ని పిక్సెళ్లూ దొరుకుతాయి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. ఫ్లాష్ కొడితే చంటిపిల్లల కళ్లు పోతాయన్నది ఉత్త పుకారు. పిల్ల ఉలిక్కిపడుతుందనుకుంటే కొట్టకండి, అంతే. ముగ్గురు కలిసి దిగితే మధ్యవాళ్లు పోతారట! ముగ్గురున్న ఇళ్ల ఫోటోలు ఇన్నేళ్లుగా తీస్తున్నాను, వాళ్లంతా ఏటా వచ్చి మళ్లీ దిగుతున్నారు. 200 మెగాపిక్సెల్ ఫోన్ అయినా సెట్టింగు మార్చకపోతే చాలావాటిలో వచ్చేది 12 మెగాపిక్సెల్ ఫోటోనే.

ఎండ బాగుంటే ఫోటో బాగుంటుందన్న మాట దగ్గర మాత్రం కాసేపు ఆగాలి. ఆరాధన ముగిసేసరికి పన్నెండు దాటుతుంది. పట్టుచీరలతో అందరూ చర్చి మెట్ల మీద నడినెత్తి ఎండలో నిలబడతారు. కళ్లు చికిలిస్తారు, కనుబొమ్మల కింద నల్లటి నీడ పడుతుంది. వేపచెట్టు కిందికి పోతే ఆకుల సందులోంచి ముఖాల మీద తెల్లటి మరకలు. చర్చి గోడ నీడ పరుచుకున్న చోటికి రండి, అందరి మీదా వెలుతురు ఒకేలా ఉంటుంది. లేదంటే సాయంత్రం నాలుగున్నరకు దిగండి. డిసెంబరు చివర్లో మన దగ్గర ఆరు కాకముందే పొద్దు గూకుతుంది, ఆలస్యం చేస్తే వెలుతురు చేజారుతుంది.

25న ఆరాధనలో నేనూ ఉంటాను కాబట్టి మధ్యాహ్నం రెండింటి దాకా షాపు మూసి ఉంటుంది. ఆ తర్వాత రండి. ఒరిజినల్ ఉన్న ఫోనూ, దాని కేబులూ మరిచిపోకుండా తెండి.