వాన ఎప్పుడు ఐస్ అవుతుంది? – పిల్లలకు ఉత్తరం

విశాఖపట్నం

చిరంజీవులైన పిల్లలకు,

తాతయ్య ఆశీస్సులు. డల్లాస్‌లో ఉన్న అన్నయ్య మాటలు విని మీరు అడిగిన ప్రశ్న నాకు చాలా నచ్చింది. "అక్కడ వాతావరణం చెప్పేవాళ్లు పొద్దున వాన అన్నారట, సాయంత్రానికి ఐస్ అన్నారట, రాత్రికి మంచు అన్నారట. ఏదో ఒకటి తేల్చి చెప్పలేరా తాతయ్యా?" అన్నారు. ఫోన్లో రెండు ముక్కల్లో అయ్యే జవాబు కాదు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

మన ఊళ్లో ఈ సందేహమే రాదు. ఎప్పుడైనా వడగళ్లు పడితే పడాలి గానీ, మేఘంలోంచి ఏది బయల్దేరినా నేలకి చేరేసరికి నీళ్లే. లంబసింగిలో గడ్డి మీద తెల్లగా మంచు పేరుకున్న ఫొటోలు చూపించి "అది కూడా ఇలాంటిదేనా?" అని చిన్నది అడిగింది. కాదమ్మా. ఆకాశం తేటగా ఉండి, గాలి కదలకుండా ఉన్న రాత్రి నేల తన వేడినంతా పైకి వదిలేసుకుంటుంది. అప్పుడు గడ్డి మీది తేమ గడ్డకడుతుంది. అక్కడ తుపానూ లేదు, వానా లేదు. డల్లాస్‌కి వచ్చేది వేరు.

అట్లాసు తెరిచి అమెరికా పటం చూడండి. పైన కెనడా, కింద గల్ఫ్ ఆఫ్ మెక్సికో. పడమట రాకీ పర్వతాలు నిలువుగా ఉన్నాయి. మనకి ఉత్తరాన హిమాలయాలు అడ్డంగా ఉన్నాయి కాబట్టి సైబీరియా చలి మన దాకా రాదు. అక్కడ అలా అడ్డు నిలిచే కొండలు లేవు. ఉత్తర ధ్రువం వైపు చల్లగాలి బరువుగా ఉంటుంది, నేలని అంటిపెట్టుకుని మైదానాల మీదుగా డల్లాస్ ఉన్న టెక్సాస్ దాకా జారిపోతుంది. అదే సమయానికి గల్ఫ్ మీదినుంచి తేమ నిండిన వెచ్చటి గాలి వస్తుంది. అది తేలిక. చల్లగాలిని పక్కకి నెట్టలేక దాని మీదికెక్కుతుంది, ఎక్కుతూ చల్లబడి మేఘమవుతుంది, కురుస్తుంది. అంటే నేల దగ్గర చలి, మధ్యలో వెచ్చదనం, ఇంకా పైన మళ్లీ చలి. ఈ మూడు పొరలు అర్థమైతే మీ ప్రశ్నకి సగం జవాబు దొరికినట్టే.

పైపొరలో పుట్టిన మంచు రేకు ఒకటి కిందికి దిగుతోందనుకోండి. మధ్య పొర కూడా సున్నాకి దిగువనే ఉంటే అది మంచుగానే నేలకి చేరుతుంది. మధ్య పొర కాస్త వెచ్చగా ఉంటే సగం కరిగి, కింది చలిలో మళ్లీ గట్టిపడి, సగ్గుబియ్యం గింజల్లాంటి ఐస్ పలుకులై కిటికీ అద్దాల మీద టపటపా రాలుతుంది. మధ్య పొర ఇంకొంచెం వెచ్చనైతే పూర్తిగా కరిగి చినుకవుతుంది. ఇక కింద ఉన్న చలి పొర పలచగా ఉంటే ఆ చినుక్కి మళ్లీ గడ్డకట్టే వ్యవధి ఉండదు. సున్నా కంటే చల్లగా, అయినా నీరుగానే, నేలకి దిగుతుంది.

"సున్నా దగ్గర నీళ్లు గడ్డకడతాయని బళ్లో చెప్పారు కదా" అంటారు. నిజమే, కానీ గడ్డకట్టడం మొదలుకావాలంటే ఓ ఐస్ పలుకో, తగిన ధూళి రేణువో ఆసరాగా ఉండాలి. అది దొరకని చిన్న చినుకు సున్నా కంటే చాలా డిగ్రీలు దిగినా నీరుగానే ఉండగలదు. అలాంటి చినుకు కరెంటు తీగనో, చెట్టు కొమ్మనో, రోడ్డునో తాకగానే గడ్డకట్టి అంటుకుపోతుంది. దీన్నే ఫ్రీజింగ్ రెయిన్ అంటారు. చూసేవాళ్లకి మామూలు వానలాగే ఉంటుంది. అందుకే మంచు కంటే ఇది ప్రమాదం. వంతెనల కింద కూడా చల్లగాలి ఆడుతుంది కాబట్టి అవి ముందుగా గడ్డకడతాయి. 2021 ఫిబ్రవరి 11 తెల్లవారుజామున డల్లాస్ పక్కనే ఉన్న ఫోర్ట్ వర్త్‌లో ఇలాంటి సన్నటి తుంపర రోడ్డు మీద ఐస్‌గా మారి, 130కి పైగా వాహనాలు ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి. ఆరుగురు చనిపోయారు.

ఈ వాన రోజుల తరబడి పడితే ఏమవుతుందో 1998 జనవరిలో కెనడా చూసింది. క్యూబెక్ ప్రాంతంలో కొన్నిచోట్ల 100 మిల్లీమీటర్ల దాకా కురిసి, వెయ్యికి పైగా పెద్ద పెద్ద విద్యుత్ టవర్లు ఆ బరువుకి కూలిపోయాయి. కొన్ని ఊళ్లకి వారాల తరబడి కరెంటు లేదు. రెండు టవర్ల మధ్య తీగ చుట్టూ అర అంగుళం మందాన ఐస్ పేరుకుంటే రెండు వందల కిలోలకి పైగా అదనపు బరువు పడగలదు.

ఇప్పుడు ఫోర్‌కాస్ట్, అంటే రాబోయే వాతావరణం, చెప్పేవాళ్ల కష్టం చూడండి. మధ్య పొర ఒక డిగ్రీ వెచ్చగా ఉందా, మూడు డిగ్రీలా అన్న తేడాతోనే మంచో, పలుకులో, ఫ్రీజింగ్ రెయినో తేలిపోతుంది. ఆ పొర ఉండేది కిలోమీటరు, రెండు కిలోమీటర్ల ఎత్తున. నేల మీద థర్మామీటరు చూస్తే అది తెలియదు. మరి పైన ఏముందో ఎలా తెలుస్తుంది? ముఖ్యంగా బెలూన్లతో. హైడ్రోజన్‌తోనో హీలియంతోనో నింపిన బెలూన్‌కి ఓ చిన్న పరికరం కట్టి వదులుతారు. అది పైకి వెళ్తూ వేడిమి, తేమ, పీడనం రేడియోలో కిందికి పంపుతుంది. ప్రపంచంలో వందలచోట్ల ఒకే వేళకి, రోజుకి రెండుసార్లు ఈ కొలతలు తీస్తారు. మన విశాఖలోనూ తీస్తారు. మనకి ఉదయం ఐదున్నర అయితే ఫోర్ట్ వర్త్‌లో ముందురోజు సాయంత్రం ఆరు. మన సముద్రం మీది గాలినీ, అన్నయ్య ఇంటి మీది గాలినీ ఒకే గడియకి కొలుస్తున్నారన్నమాట. ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు మనుషుల మీద గౌరవం పెరుగుతుంది.

ఆ కొలతలకి ఉపగ్రహాలు, రాడార్లు, విమానాలు పంపేవి కలిపి సూపర్ కంప్యూటర్లకి ఇస్తారు. కొలతల్లో చిన్న చిన్న తేడాలు ఎలాగూ ఉంటాయి కాబట్టి ఒక్క లెక్కతో ఊరుకోరు. మొదటి అంకెల్ని కొద్ది కొద్దిగా మార్చి మళ్లీ మళ్లీ లెక్క కడతారు. యూరప్ దేశాల ఉమ్మడి వాతావరణ కేంద్రం ఇలా 51 లెక్కలు నడుపుతుంది. వాటిలో ఎక్కువ భాగం ఐస్ అంటే అనుమానం తగ్గుతుంది. సగం ఐస్, సగం వాన అంటే ఆ మాటే చెబుతారు. తుపాను దగ్గరపడేకొద్దీ కొత్త కొలతలు వస్తాయి, మాట మారుతుంది. వాళ్లు మాట తప్పారని అనుకోకండి, తెలిసింది తెలిసినట్టు చెప్పడమే అది. ఐదు రోజుల ముందు చెప్పినదాన్నే మొండిగా పట్టుకుని కూర్చునేవాణ్ణి మాత్రం నేను నమ్మను.

చలి అంకె గురించి కూడా పెద్దవాడు అడిగాడు: "మైనస్ 18 అంటారు, మైనస్ 28లా ఉందంటారు, ఏది నిజం?" రెండూ నిజమే. గాలి వేడిమి మైనస్ 18. గంటకి 24 కిలోమీటర్ల గాలి వీస్తుంటే ఒంటి చుట్టూ ఉన్న వెచ్చదనాన్ని అది ఊడ్చుకుపోతుంది కాబట్టి, చర్మానికి మైనస్ 28లా తగులుతుంది. అప్పుడు కప్పుకోని చర్మం అరగంటలో గడ్డకట్టవచ్చు. ఆ రెండో అంకె మనుషులకి, పశువులకి. కారుకి కాదు, కుళాయికి కాదు.

హుద్‌హుద్ తుపాను గురించి ఇంట్లో విన్నారు. 2014 అక్టోబర్ 12న మన ఊరి మీదే తీరం దాటింది. ఎక్కడ, ఎప్పుడు దాటుతుందో వాతావరణ శాఖ కొన్ని రోజుల ముందే చెప్పింది కాబట్టి, ఊరు అంత దెబ్బతిన్నా ఎంతోమంది ముందే సురక్షితమైన చోటికి వెళ్లగలిగారు. చాలామందికి తెలియని సంగతి తరవాతది. అదే తుపాను బలహీనపడి ఉత్తరానికి వెళ్లి, రెండు రోజులకి నేపాల్‌లో అన్నపూర్ణ కొండలకి తగిలింది. మన బంగాళాఖాతం తేమే అక్కడ మంచు తుపానుగా కురిసింది. 5,416 మీటర్ల ఎత్తున్న థొరాంగ్ లా కనుమ దగ్గర చిక్కుకున్నవాళ్లతో కలిపి 40 మందికి పైగా చనిపోయారు. ఆ కొండల్లో నడుస్తున్నవాళ్లలో చాలామందికి హెచ్చరికే అందలేదు. అందుకే ఫోర్‌కాస్ట్ సరిగ్గా ఉండటం ఎంత ముఖ్యమో, అది దారిలో ఉన్న మనిషి చెవిన పడటమూ అంతే ముఖ్యమని నేను పట్టుపట్టి చెబుతాను.

అన్నయ్యకి ఒక మాట తప్పకుండా చెప్పండి. 2021 ఫిబ్రవరి 16న డల్లాస్‌లో మైనస్ 19 పడ్డప్పుడు, కరెంటు పోయి వెచ్చదనం కోసం టెక్సాస్‌లో కొందరు ఇంట్లో బొగ్గులు వెలిగించుకున్నారు, గ్యారేజీలో కారు ఆన్ చేసి కూర్చున్నారు. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. వాసన రాదు, కనపడదు, ప్రాణం తీస్తుంది. ఎంత చలేసినా ఆ పని చేయొద్దనండి. దుప్పట్లు, తాగే నీళ్లు, టార్చి, ఫోన్‌కి పవర్ బ్యాంకు ముందే సిద్ధం చేసుకోమనండి.

మీకూ ఒక పని. మన ఉదయం ఐదున్నర కొలతలతో వేసిన లెక్కలు మనకి మధ్యాహ్నానికి బయటికి వచ్చేస్తాయి. అప్పటికి డల్లాస్‌లో అర్ధరాత్రి దాటి, అన్నయ్య నిద్రలో ఉంటాడు. మీరు భోజనం చేశాక డల్లాస్ ఫోర్‌కాస్ట్ తీసి చూడండి. నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారిందో, ముఖ్యంగా వాన ఏ గంటకి ఐస్‌గా మారుతుందంటున్నారో రాసి వాట్సాప్‌లో పెట్టండి. వాడు లేచి కారు తాళాలు తీసేలోపు చదువుకుంటాడు.

ఇట్లు
మీ తాతయ్య