కోనసీమ తేమ, మారేడుమిల్లి ఘాట్, మధ్యలో బ్రేక్ ఆయిల్

రావులపాలెం నుంచి అమలాపురం వెళ్ళినా, భీమవరం నుంచి నరసాపురం వెళ్ళినా దారంతా చదునే కాబట్టి బ్రేకుల మీద పెద్దగా భారం పడదు. అందుకే బ్రేక్ ఆయిల్ పాడైనా మనకి తెలీదు. అదే కారు మారేడుమిల్లి దాటి చింతూరు వైపు ఘాట్ దిగుతూ మలుపు మలుపుకీ బ్రేకు తొక్కించుకుంటుంటే, ఒకచోట పెడల్ మెత్తబడి లోపలికి దిగిపోవచ్చు.

కారణం తేమ. ఎక్కువ కార్లలో పోసే డాట్ 3, డాట్ 4 రకాల ఆయిల్‌లో గ్లైకాల్ ఈథర్లనే రసాయనాలుంటాయి, శ్రావణ మాసంలో ఉప్పు చెమ్మగిల్లినట్టు అవి గాలిలో తేమని లాక్కుంటాయి. రబ్బరు గొట్టాల గుండా కూడా మెల్లగా చేరుతుంది. కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని ప్రమాణం, 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 155కి పడిపోతుంది. ద్రవాన్ని ఒకచోట నొక్కితే ఆ ఒత్తిడి అన్నిచోట్లకీ పాకుతుందని 17వ శతాబ్దంలో పాస్కల్ చెప్పిన సూత్రం మీదే ఈ బ్రేకులు నడుస్తాయి, కానీ బ్రేకుల వేడికి ఆయిల్ మరిగి మధ్యలో ఆవిరి బుడగో, లేదా గాలి బుడగో ఉంటే మన కాలి బలం దాన్ని నొక్కడానికే ఖర్చైపోతుంది. రెండేళ్ళకోసారి ఆయిల్ మార్చమని చాలా కంపెనీలు చెబుతాయి, మన ప్రాంతంలో అది అస్సలు వాయిదా వెయ్యకండి.

పెడల్ తొక్కడానికి ఇంకో మనిషి లేకపోయినా, పాత ఆయిల్‌నీ అందులోని గాలినీ ఒక్కరే తీయొచ్చు. మనది ఒండ్రు నేల, జాకీ కింద గట్టి చెక్క వెయ్యండి, స్టాండ్లు పెట్టకుండా చక్రం విప్పొద్దు. చక్రం దగ్గర బ్రేకుకి ఉండే, ఆయిల్ బయటికి వదిలే చిన్న మర నిప్పిల్, అది ఉప్పుగాలికి తుప్పుపట్టి ఉంటే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి నానబెట్టండి, బలవంతం చేస్తే విరుగుతుంది. నిప్పిల్‌కి పారదర్శకమైన సన్న ట్యూబ్ తొడిగి, కాస్త పైకి లేపి వంచి, రెండో కొస సీసాలో కొత్త ఆయిల్‌లో మునిగేలా పెట్టండి. కిటుకంతా ఇక్కడే ఉంది: నిప్పిల్‌ని పావు చుట్టు వదులు చేసి పెడల్‌ని మెల్లగా తొక్కితే ఆయిల్‌తో పాటు బుడగలు బయటికి వస్తాయి, కాలు తీసినప్పుడు ట్యూబ్ వెనక్కి లాగేది ఆయిల్‌నే, గాలిని కాదు. పాత కార్లలో పెడల్‌ని అడుగంటా తొక్కకండి, పెడల్ తొక్కితే ఆయిల్‌ని నెట్టే మాస్టర్ సిలిండర్‌లో ఎప్పుడూ వాడని తుప్పు భాగం లోపలి రబ్బరు సీల్‌ని కోసేస్తుంది. ఎక్కువ కార్లలో మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉన్న వెనక ఎడమ చక్రంతో మొదలుపెడతారు, కొన్నిట్లో వరస వేరు, మాన్యువల్ చూడండి. బ్రేకు తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ యూనిట్‌లోకే గాలి వెళ్ళుంటే కారు కంప్యూటర్‌కి తగిలించే స్కానర్ కావాలి, అది ఇంట్లో పని కాదు.

బానెట్ కింద బ్రేక్ ఆయిల్ డబ్బాలో కొత్త ఆయిల్ పోస్తూ ఉండాలి, కనీస గీత కిందకి పోనివ్వకూడదు, పోతే గాలి చేరి మళ్ళీ మొదటికే. పెయింట్ మీద పడితే వెంటనే నీళ్ళతో కడగండి. తీసిన ఆయిల్‌ని కాలువలో పొయ్యకండి, మన ఊళ్ళ మంచినీళ్ళ చెరువులు నిండేది ఆ కాలువలతోనే.

నిప్పిళ్ళు బిగించాక ఇంజిన్ ఆపి తొక్కితే పెడల్ గట్టిగా ఉండాలి. కాలు దాని మీదే ఉంచి స్టార్ట్ చేస్తే కొంచెం కిందికి దిగుతుంది, అది మన కాలి బలాన్ని పెంచే బూస్టర్ పనిచేస్తోందని అర్థం, టెన్షన్ పడక్కర్లేదు. అలా ఒక్కసారి దిగి ఆగకుండా కాలి కింద మెల్లమెల్లగా దిగిపోతూనే ఉంటే మాత్రం ఎక్కడో లీకుందనో, మాస్టర్ సిలిండర్ సీల్ పోయిందనో లెక్క. ఆ కారుని రోడ్డెక్కించకండి, మెకానిక్‌నే ఇంటికి పిలవండి.