నయమైన రోగి మళ్లీ రాడు

కనిగిరి దగ్గరి పల్లె నుంచి వారానికి మూడుసార్లు ఒంగోలుకు డయాలసిస్ కోసం వచ్చే మా మేనమామ ముంజేతి మీద వేలు ఆనిస్తే, ధమనినీ సిరనూ కలిపి కుట్టిన చోట నెత్తురు జుమ్ముమని పారడం తెలుస్తుంది. ప్రతిసారీ అక్కడే రెండు సూదులు గుచ్చుతారు; దాదాపు నాలుగు గంటల సేపు రక్తం యంత్రంలోకి వెళ్లి, శుభ్రపడి తిరిగి వస్తుంది. ఆయన ప్రాణం నిలబెడుతున్నది ఆ యంత్రమే. వ్యాపారపు లెక్కలో మాత్రం ఆయన ఏడాదికి సుమారు 156 సార్లు గొట్టాలూ ద్రవాలూ మందులూ అవసరమయ్యే మనిషి.

దీనికి పూర్తిగా ఎదురు నడిచిన మందు సోఫోస్‌బువిర్. హెపటైటిస్ సి అనే కాలేయ వ్యాధికి 2013 డిసెంబరులో అమెరికాలో అనుమతి పొందిన ఈ మాత్రను తగిన జోడు మందుతో సాధారణంగా 12 వారాలు వాడితే, నూటికి 90 మందికి పైగా వైరస్ శరీరంలో మిగలదు. గిలియడ్ కంపెనీ మాత్రకు 1,000 డాలర్ల చొప్పున 84,000 డాలర్లు ధర పెట్టింది. 2015లో సుమారు 1,900 కోట్ల డాలర్లకు చేరిన ఆ కంపెనీ హెపటైటిస్ సి మందుల అమ్మకాలు 2018 నాటికి 400 కోట్లకు లోపే పడిపోయాయి. పోటీ మందులు వచ్చి ధరలు తగ్గడం ఒక కారణం. ఇంకో కారణం, ఇది నెత్తురు ద్వారా ఒకరి నుంచి ఒకరికి సోకే జబ్బు కావడం: నయమైన మనిషి తాను మళ్లీ మందు కొనడు సరికదా, రేపటి రోగులను కూడా పుట్టనివ్వడు. రోగాన్ని నయం చేయడం నిలకడైన వ్యాపారమేనా అని 2018లో అమెరికా పెట్టుబడుల బ్యాంకు గోల్డ్‌మన్ శాక్స్ విశ్లేషకులు అడిగింది ఈ అనుభవం చూసే.

ఆ ప్రశ్న వింటే మనసు చివుక్కుమంటుంది, కానీ లెక్క తప్పు కాదు. మందు కనిపెట్టి దాచేస్తున్నారనే మాటను నేను నమ్మను. ఈ మందును కంపెనీయే తెచ్చింది, అంతులేని లాభమూ పొందింది. నా భయమల్లా ఏ పరిశోధనకు డబ్బు పెట్టాలో తేల్చే తొలి రోజు గురించి: ఆనాడే నయం చేసే మందును పక్కన పెట్టి, ఏళ్ల తరబడి కొనాల్సిన మందును ఎంచుకుంటారేమోనని.

నయమైతే నిజంగా లాభపడేది ఏళ్ల తరబడి చికిత్స ఖర్చు భరించే ప్రభుత్వం. ఆస్ట్రేలియా 2016లో హెపటైటిస్ సి మందుల కోసం ఐదేళ్లకు సుమారు 100 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లకు కంపెనీలతో ఒప్పందం చేసుకుని, ఎంత ఎక్కువ మందికి మందు ఇస్తే తలకు అంత తక్కువ పడేలా చూసుకుంది. మన దేశంలో 2014లో హైదరాబాద్ కంపెనీ హెటెరోతో సహా పలు సంస్థలకు తయారీ లైసెన్సు దక్కి ధర బాగా తగ్గింది. 2018 జూలై 28న మొదలైన జాతీయ కార్యక్రమం కింద ఆ మందులు ఉచితం.

మామయ్య డయాలసిస్ ఖర్చు కూడా వైద్య సేవ పథకం కిందే ప్రభుత్వం కడుతోంది. కిడ్నీ కోసం ఆయన పేరు, మరణించిన దాతల అవయవాలను కేటాయించే ప్రభుత్వ పథకం జీవన్‌దాన్ జాబితాలో ఉంది. దొరికితే ఒంగోలు ప్రయాణాలు ఆగుతాయి. కొత్త కిడ్నీని శరీరం తిరస్కరించకుండా ఆపే మాత్రలు మాత్రం రోజూ వేసుకోవలసిందే.