టీచర్ల యూనియన్, ఎమ్మెల్యేలు: అపోహలు - వాస్తవాలు

బెంగళూరులో ఉపాధ్యాయ సంఘం పనులు చూస్తుంటానని చెబితే చాలు, మనవాళ్లు ఠక్కున అనేమాట, "మీకేమండీ, ఎమ్మెల్సీలే ఉన్నారుగా!"

అపోహ: టీచర్ ఎమ్మెల్సీ ఉంటే అన్నీ అయిపోతాయి.

వాస్తవం: కర్ణాటక శాసన మండలిలో 75 సీట్లుంటే టీచర్లు ఓటేసి ఎన్నుకునేవి 7. ఆ ఓటు కూడా హైస్కూలు, ఆపై స్థాయిలో పాఠాలు చెప్పేవాళ్లకే, ఒకటో తరగతి పిల్లలతో అక్షరాలు దిద్దించే టీచరమ్మకు లేదు. ఇక జీతాలు, పింఛన్ల దగ్గరికొస్తే అసలు కిటుకు బడ్జెట్‌లో ఉంటుంది, ద్రవ్య బిల్లును మండలి 14 రోజులకు మించి ఆపలేదు.

అపోహ: ఫ్రీడమ్ పార్కులో గట్టిగా ధర్నా చేస్తే ప్రభుత్వం దిగొస్తుంది.

వాస్తవం: ధర్నాతో మంత్రిగారి అపాయింట్‌మెంట్ దొరకొచ్చు. లోపలికెళ్లాక ఇరవై డిమాండ్ల వినతిపత్రం ఇస్తే ఫొటో దిగి పంపించేస్తారు, అంతే. పనికొచ్చే కాగితం ఒక్క పేజీ ఉంటుంది: ఫలానా తేదీ జీవోలో ఫలానా పేరా మార్చండి, ఇంతమందికి వర్తిస్తుంది, ఏడాదికి ఇంత ఖర్చు. ఆ ఖర్చు లెక్క లేకపోతే విద్యాశాఖ సరేనన్నా ఆర్థిక శాఖ కొర్రీ వేసి ఫైలు వెనక్కి పంపుతుంది. ఇదంతా బడ్జెట్ ప్రసంగానికి నెలల ముందే జరగాలి, చదివేశాక వెళ్లి మొత్తుకుంటే ఏం లాభం?

అపోహ: సమస్య ఏదైనా లోకల్ ఎమ్మెల్యేని పట్టుకోవాలి.

వాస్తవం: టెట్ (ఉపాధ్యాయ అర్హత పరీక్ష) సంగతే చూడండి. అయిదేళ్లకు మించి సర్వీసు మిగిలున్న పాత టీచర్లు కూడా రెండేళ్లలో పాసవ్వాలని 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు చెప్పింది. దానికి మూలం కేంద్రం చేసిన విద్యాహక్కు చట్టం, దాన్ని సవరించేది పార్లమెంటు. కాబట్టి వెళ్లాల్సింది ఎంపీల దగ్గరికి. ఎమ్మెల్యే మహా అయితే ఒక సిఫారసు లేఖ ఇస్తారు.

అపోహ: లాబీయింగ్ అంటే శాలువాలు, కవర్లు.

వాస్తవం: శాలువాలు నిజమే, నాకూ చిరాకే. కానీ ఒక సభ్యుడితో సభలో ప్రశ్న వేయించడం వంద శాలువాల పెట్టు. తాలూకాలవారీగా ఖాళీలెన్ని అని మేమే ప్రశ్న రాసి, పీఏ చేతికిచ్చి, గడువులోగా నోటీసు వెళ్లిందో లేదో ఫోన్ చేసి మరీ కనుక్కుంటాం. సభలో వచ్చే జవాబు ప్రభుత్వం సొంత లెక్క, తర్వాతి మీటింగులో "ఖాళీలు లేవు" అనడానికి ఏ అధికారికీ నోరు రాదు.