ఎప్పుడు కొన్నారండీ? షేర్ల లాభంపై పన్ను వెనక ఎనభై ఏళ్ల కథ

చెన్నైలో స్థిరపడిన తెలుగు కుటుంబాల బీరువాల్లో కాగితం షేరు సర్టిఫికెట్లు ఇంకా ఉన్నాయి. జార్జిటౌన్‌లో వ్యాపారం చేసినవాళ్లు, పెరంబూరు రైల్వేలో పనిచేసి రిటైరైనవాళ్లు, సినిమా పరిశ్రమ హైదరాబాదు తరలిపోయినా కోడంబాకంలోనే ఉండిపోయినవాళ్లు, చేతిలో నాలుగు డబ్బులు మిగిలినప్పుడు అశోక్ లేలాండో, ఎంఆర్ఎఫో, సుందరం ఫైనాన్సో కొని దాచుకున్నారు. ఇప్పుడు మనవడి ఫీజుకో, మోకాలి ఆపరేషన్‌కో అమ్ముదామంటే ఆడిటర్ మొదట అడిగేది ఎంతకు అమ్ముతున్నారని కాదు. "ఎప్పుడు కొన్నారండీ?" అని. "మా నాన్నగారు కొన్నారు, ఎప్పుడో తెలీదండీ" అంటే, "నాన్నగారు ఎప్పుడు కొన్నారో కావాలమ్మా" అంటారు. వారసత్వంగా వచ్చిన షేరుకి తండ్రి కొన్న ధరే పిల్లల కొనుగోలు ధర. తండ్రి దగ్గర ఉన్న కాలం కూడా పిల్లల లెక్కలోకే వస్తుంది.

నేటి రేట్లు చెప్పడం తేలిక. స్టాక్ ఎక్స్ఛేంజిలో అమ్మిన షేరు 12 నెలలకు మించి ఉంచుకుని ఉంటే దీర్ఘకాలిక లాభం. ఏడాదిలో మొదటి 1.25 లక్షల రూపాయలకు పన్ను లేదు, ఆ పైన 12.5 శాతం. అంతకంటే ముందే అమ్మితే స్వల్పకాలిక లాభం, 20 శాతం. ఇలా వచ్చిన పన్ను మొత్తంపై మళ్లీ 4 శాతం సెస్సు. 2026 ఏప్రిల్ 1 నుంచి 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం పోయి 2025 చట్టం వచ్చింది. సెక్షన్ నంబర్లు మారాయి, ఈ రేట్లు మారలేదు.

పాత షేరుకి మాత్రం ఈ రెండు రేట్లు తెలిస్తే చాలదు. 2001 ఏప్రిల్ 1, 2004 అక్టోబరు 1, 2018 జనవరి 31 అనే మూడు తేదీలు దాటుకుంటూ రావాలి. ఒక్కో తేదీ వెనక ఢిల్లీలో ప్రభుత్వం చేసిన ఒక మార్పు ఉంది. ఆ మార్పుల్లో మద్రాసు వాళ్ల చెయ్యి చాలానే ఉంది.

మొదలైంది 1947 ఫిబ్రవరిలో. స్వాతంత్ర్యం ఇంకా రాలేదు. తాత్కాలిక ప్రభుత్వంలో ఆర్థిక శాఖ చూస్తున్న లియాఖత్ అలీ ఖాన్, యుద్ధకాలంలో ధరలు పెరిగి కొందరు బాగా గడించారన్న లెక్కతో మూలధన లాభాలపై, అంటే ఆస్తి అమ్మితే వచ్చే లాభాలపై, తొలిసారి పన్ను వేశారు. 1946 మార్చి తర్వాత వచ్చిన లాభాలన్నీ దాని కిందికి వచ్చాయి. వ్యాపార వర్గాలు గోల పెట్టాయి. 1949లో ఆ పన్నుని ఎత్తేసి, 1948 మార్చి 31 తర్వాతి లాభాలకు వర్తించకుండా చేశారు. బతికింది రెండేళ్లే అయినా ఒక ముఖ్యమైన ప్రశ్న మిగిల్చింది. ఆస్తి అమ్మగా వచ్చిన లాభం అసలు "ఆదాయం" అవుతుందా? నవీన్‌చంద్ర మఫత్‌లాల్ కేసులో 1954లో సుప్రీంకోర్టు అవుతుందని తేల్చింది. ఆ తీర్పుతో మళ్లీ పన్ను వేయడానికి దారి సుగమమైంది.

ఆ దారిన నడిచింది మద్రాసు మనిషి టి.టి. కృష్ణమాచారి. ఆళ్వార్‌పేటలో టీటీకే రోడ్డు ఆయన పేరు మీదే ఉంది. వ్యాపారం నుంచి రాజకీయాల్లోకి వచ్చి 1956లో ఆర్థిక మంత్రి అయ్యారు. అదే ఏడు కేంబ్రిడ్జి ఆర్థికవేత్త నికొలస్ కాల్డార్ మన పన్నుల తీరును పరిశీలించి ఒక నివేదిక ఇచ్చాడు. మూలధన లాభాలపై, సంపదపై, ఖర్చుపై, బహుమతులపై పన్నులు వేయండి, దాంతో పాటు ఆదాయపు పన్ను గరిష్ఠ రేటు తగ్గించండి అన్నాడు. 1956 చివర్లో కృష్ణమాచారి మూలధన లాభాల పన్నుని తిరిగి తెచ్చారు. 1957లో సంపద పన్ను, వ్యయ పన్ను వచ్చాయి. 1958 ఫిబ్రవరిలో, ఎల్ఐసీ డబ్బుతో హరిదాస్ ముంద్రా అనే వ్యాపారి కంపెనీల షేర్లు కొన్న వ్యవహారంలో ఆయన పదవి వదులుకోవాల్సి వచ్చింది. బహుమతి పన్నుని నెహ్రూ తన బడ్జెట్‌లో పెట్టారు.

ఆ నాలుగింటిలో మూడు ఇప్పుడు లేవు. వ్యయ పన్ను 1966 నాటికి పోయింది. బహుమతి పన్ను 1998లో, సంపద పన్ను 2015 బడ్జెట్‌తో పోయాయి. మిగిలింది మూలధన లాభాల పన్ను ఒక్కటే. మిగతావి వసూలు చేయడం కష్టం, ఇది తేలిక. అమ్మకం జరిగిన రోజు డబ్బు చేతికి వస్తుంది, కాగితం మీద ధర కనిపిస్తుంది. నా ఉద్దేశంలో ఇది నిలబడడానికి కారణం సిద్ధాంతం కంటే ఈ సౌలభ్యమే.

చాలాకాలం షేరుకి కూడా స్థలానికున్న నియమమే ఉండేది, 36 నెలలు ఉంచుకుంటేనే దీర్ఘకాలికం. 1987లో షేర్లకు దాన్ని 12 నెలలు చేశారు. అసలు మలుపు 1992లో వచ్చింది. ఆర్థిక సంస్కరణల వేళ పన్నులపై వేసిన కమిటీకి రాజా చెల్లయ్య అధ్యక్షుడు. ఆ మరుసటి ఏడాది చెన్నైలో మద్రాస్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌ నెలకొల్పినది ఆయనే. మన్మోహన్ సింగ్ బడ్జెట్‌లో ఇండెక్సేషన్, అంటే ధరల పెరుగుదలను బట్టి కొన్న ధరని పెంచి లెక్కించడం, వచ్చింది, దీర్ఘకాలిక లాభానికి 20 శాతం రేటు వచ్చింది. ఇండెక్సేషన్‌లో ఉన్న న్యాయం ఎవరికైనా అర్థమవుతుంది. 1981-82ని 100గా తీసుకుంటే 1998-99 సూచీ 351. అంటే 1981లో 10 రూపాయలకు కొన్న షేరుని 1998-99లో 100కి అమ్మితే, కొన్న ధరని 35.10గా లెక్కించేవారు. లాభం 90 కాదు, 64.90. రూపాయి విలువ పడిపోయినందువల్ల పెరిగినట్టు కనిపించే ధర మీద పన్ను వేయకూడదన్నది దాని భావం. 1999లో లిస్టెడ్ షేర్లకు, అంటే ఎక్స్ఛేంజిలో నమోదైనవాటికి, ఇంకో వీలు ఇచ్చారు. ఇండెక్సేషన్ వదులుకుంటే 10 శాతమే కట్టవచ్చు.

ఆ కాలపు షేర్ల బేరాలు చెన్నైలో సెకండ్ లైన్ బీచ్‌లోని మద్రాస్ స్టాక్ ఎక్స్ఛేంజి చుట్టూ జరిగేవి. బ్రోకరు ఇచ్చే కాంట్రాక్టు నోటు, బదిలీ పత్రం మీద సంతకం, అతికించిన స్టాంపు, కంపెనీ నుంచి పేరు మారి తిరిగొచ్చిన సర్టిఫికెట్టు, దాని మీద ఫోలియో నంబరు, అంటే కంపెనీ పుస్తకాల్లో వాటాదారు ఖాతా నంబరు. ఈ కాగితాల్లో ఏ ఒక్కటి మిగిలినా ఇప్పుడు బంగారమే. ఆ ఎక్స్ఛేంజి 2015లో మూతపడింది. అప్పటి బ్రోకర్ల దగ్గర లెక్కల పుస్తకాలూ ఉండకపోవచ్చు.

2004 తేదీ వెనక ఉన్నది కూడా తమిళనాడు నుంచి వెళ్లిన కేంద్ర మంత్రే. అంతకు రెండేళ్ల ముందు పన్నులపై ప్రభుత్వం వేసిన కేల్కర్ టాస్క్‌ఫోర్సు లిస్టెడ్ షేర్ల దీర్ఘకాలిక లాభాన్ని మినహాయించమంది. అప్పటి ఆర్థిక మంత్రి జస్వంత్ సింగ్ 2003లో కొన్ని షేర్లకు ఒక్క ఏడాది పాటు ఆ మాట అమలు చేశారు. 2004 జులై బడ్జెట్‌లో పి. చిదంబరం దాన్ని పూర్తిచేశారు. దీర్ఘకాలిక లాభంపై పన్ను సున్నా, స్వల్పకాలిక లాభంపై 10 శాతం. బదులుగా ప్రతి కొనుగోలు, ప్రతి అమ్మకం మీద సెక్యూరిటీస్ లావాదేవీల పన్ను, అందరూ ఎస్‌టీటీ అనేది. బ్రోకర్లు ఆందోళన చేస్తే రేట్లు తగ్గించి అక్టోబరు 1 నుంచి అమల్లోకి తెచ్చారు. 2008లో స్వల్పకాలిక రేటు 15కి పెరిగింది.

పద్నాలుగేళ్లు ఇదే నడిచింది. మధ్యతరగతి ఇళ్లల్లో "షేర్లు ఏడాది దాటాక అమ్ముకుంటే పన్ను లేదు" అన్న మాట అప్పుడే స్థిరపడింది. ఇప్పటికీ కొందరు పెద్దవాళ్లు అదే నమ్మకంతో అమ్మేసి, తర్వాత నోటీసు చూసి కంగారు పడుతున్నారు. ఈ మినహాయింపుని దుర్వినియోగం చేసినవాళ్లూ ఉన్నారు. ఊరూపేరూ లేని కంపెనీల షేర్ల ధర కృత్రిమంగా పెంచి, నల్లడబ్బుని పన్నులేని లాభంగా చూపించారు. అందుకే 2017లో, 2004 అక్టోబరు 1 తర్వాత కొన్న షేరైతే కొన్నప్పుడు కూడా ఎస్‌టీటీ కట్టి ఉండాలని షరతు పెట్టారు. కొన్ని సందర్భాలకు మినహాయింపులున్నాయి. అంతకుముందు కొన్నవాటికి ఈ షరతు లేదు. పాత కాగితం షేర్లున్నవాళ్లకు ఈ తేదీ మేలుచేసేది అందుకే.

2018 ఫిబ్రవరి 1న ఆర్థిక మంత్రి అరుణ్ జైట్లీ పన్నుని తిరిగి తెచ్చారు. రిటర్నుల ప్రకారం మినహాయింపు పొందిన లాభాలు ఒక్క ఏడాదిలో దాదాపు 3,67,000 కోట్లని బడ్జెట్ ప్రసంగంలో చెప్పారు. లక్ష దాటిన లాభంపై 10 శాతం, ఇండెక్సేషన్ లేదు. అయితే పాతవాళ్లకు ఒక రక్షణ ఇచ్చారు. 2018 జనవరి 31 దాకా పెరిగిన లాభం జోలికి రామన్నారు.

దాని లెక్క చాలామందికి తికమకగా ఉంటుంది. 2010లో 200 చొప్పున 500 షేర్లు కొన్నారనుకుందాం. 2018 జనవరి 31న ఎక్స్ఛేంజిలో దాని గరిష్ఠ ధర 900. ఇప్పుడు 1,500కి అమ్మారు. కొన్న ధర 200 కాకుండా 900 అవుతుంది. షేరుకి 600 చొప్పున లాభం 3,00,000. అందులో 1,25,000 తీసేస్తే 1,75,000. 12.5 శాతం అంటే 21,875, సెస్సుతో 22,750. అదే షేరు పడిపోయి 700కి అమ్మాల్సి వస్తే కొన్న ధర 700గా తీసుకుంటారు, లాభం సున్నా. 900 పెట్టుకుని 200 నష్టం చూపించడానికి వీల్లేదు. ఈ తేదీ రక్షణ తెలియక 200 వేసి లెక్కకట్టిన వ్యక్తి మొదటి సందర్భంలో సెస్సుతో 68,250 కడతాడు. వేలకు వేలు ఊరికే పోతాయి.

ఈ కథలో నాకు నిజంగా బాధ కలిగించే విషయం ఎస్‌టీటీ. దీర్ఘకాలిక లాభంపై పన్ను తీసేస్తున్నాం కాబట్టి ఇది కట్టండన్నారు. 2018లో ఆ పన్ను తిరిగొచ్చింది, ఎస్‌టీటీ పోలేదు. డెలివరీ షేర్లకు, అంటే అదే రోజు తిరిగి అమ్మేయకుండా ఖాతాలోకి తీసుకునేవాటికి, కొన్నా 0.1 శాతం, అమ్మినా 0.1 శాతం. పోనీ ఇండెక్సేషన్ అయినా ఉందా అంటే అదీ లేదు. పాతికేళ్లు దాచుకున్న విశ్రాంత ఉద్యోగినీ, పదమూడు నెలలకు అమ్మిన ట్రేడర్‌నీ ఒకే రేటుతో కొలవడం న్యాయం కాదని నా అభిప్రాయం. 2024 జులై 23న నిర్మలా సీతారామన్ రేటుని 12.5కి పెంచి, మినహాయింపుని లక్ష నుంచి 1.25 లక్షలు చేసినప్పుడు అయినా కాలాన్ని బట్టి తేడా పెట్టి ఉండాల్సింది.

పెద్దవాళ్లు గమనించాల్సినవి రెండున్నాయి. కాగితం షేరుని డీమ్యాట్ చేయించి, అంటే ఎలక్ట్రానిక్ రూపంలోకి మార్పించి, ఎక్స్ఛేంజిలో అమ్మితేనే 1.25 లక్షల మినహాయింపు, 2018 జనవరి 31 ధర వర్తిస్తాయి. 2019 ఏప్రిల్ నుంచి కాగితం రూపంలో అమ్మకపు బదిలీ ఎలాగూ కుదరదు. డీమ్యాట్ అయ్యాక తెలిసినవాళ్లకు ఎక్స్ఛేంజి బయట అమ్మితే ఆ రెండూ పోతాయి. 2001 ఏప్రిల్ 1కి ముందు కొన్న షేరైతే, అసలు ధర బదులు ఆ రోజు మార్కెట్ ధర పెట్టుకోవచ్చు. ఎక్స్ఛేంజి బయట అమ్మిన షేరుకి కొన్న ధర విషయంలో మిగిలే ఊరట అదొక్కటే. రెండోది, వేరే ఆదాయం పెద్దగా లేని వ్యక్తికి మామూలు మినహాయింపు పరిమితిలో వాడకుండా మిగిలిన భాగం ఈ లాభానికి ఉపయోగపడుతుంది. కొత్త పన్ను పద్ధతిలో ఆ పరిమితి 4 లక్షలు. తగ్గింపులు పోగా పెన్షన్ 3 లక్షలుంటే మరో లక్ష లాభం పన్నులోంచి తప్పుతుంది. 12 లక్షల దాకా పన్ను లేదన్న రిబేటు మాత్రం ఈ లాభాలకు రాదు. చాలామంది పొరబడేది ఇక్కడే.

కొన్న తేదీ దొరకనివాళ్లు ఫోలియో నంబరుతో, ఆ కంపెనీ వాటాదారుల రికార్డులు చూసే రిజిస్ట్రార్‌కి రాయాలి. షేరు ఆ పేరు మీదకి ఎప్పుడు మారిందో వాళ్ల రికార్డులో ఉండాలి. కంపెనీ ఉచితంగా ఇచ్చిన బోనస్ షేర్ల తేదీలూ అక్కడే అడగాలి, ఎందుకంటే వాటి కొన్న ధర సున్నా, 2018 ఫిబ్రవరి 1కి ముందు వచ్చినవైతే తప్ప.

ఓల్డ్ మహాబలిపురం రోడ్డు ఐటీ కంపెనీల్లో పనిచేసే మన పిల్లల పరిస్థితి వేరు. అమెరికా కంపెనీ ఇచ్చిన షేర్లకు ఎస్‌టీటీ లేదు, 1.25 లక్షల మినహాయింపూ లేదు. 24 నెలలు దాటితే 12.5 శాతం, లోపైతే జీతంతో కలిపి శ్లాబు రేటు. షేరు చేతికొచ్చిన రోజున జీతంగా పన్ను పడిన విలువే దాని కొన్న ధర. అది డాలర్లలో ఉంటుంది. అమ్మిన లాభాన్ని రూపాయల్లోకి మార్చడానికి అమ్మిన నెలకు ముందు నెల చివరి రోజున స్టేట్ బ్యాంకు డాలరు కొనే టీటీ (టెలిగ్రాఫిక్ ట్రాన్స్‌ఫర్) రేటు తీసుకోవాలి. లాభం వచ్చినా రాకపోయినా, ఆ షేర్ల వివరాలు రిటర్నులో విదేశీ ఆస్తుల షెడ్యూల్లో ఏటా చూపించాలి.