కోర్దోబా పాటియోల పండుగ: పూలకుండీల వెనక వందేళ్ల కథ

ఏటా మే నెల మొదటి రెండు వారాలు దక్షిణ స్పెయిన్‌లోని కోర్దోబా నగరంలో యాభై దాకా ఇళ్లు వీధి తలుపులు బార్లా తీసి పెడతాయి. టికెట్ ఏమీ ఉండదు. ఎవరైనా లోపలికి వెళ్లి ఇంటి నడుమనున్న లోగిలి చూడొచ్చు. వాళ్లు దాన్ని పాటియో అంటారు. సున్నం కొట్టిన తెల్లటి గోడలు, కింది నుంచి పైదాకా వేలాడే కుండీలు, వాటిలో జెరేనియంలు, కార్నేషన్లు, ఓ మూల బావి, గులకరాళ్లు పొదిగిన నేల. చూసినవాళ్లంతా పూల గురించే చెప్తారు. కోర్దోబా వాళ్లలో చాలామందికి మాత్రం ఇప్పుడు బెంగ పూల గురించి కాదు, ఆ ఇళ్లలో ఉండే మనుషుల గురించి. పాతబస్తీలో అద్దెకుండే కుటుంబాలు తగ్గిపోతూ, ఆ వాటాలు టూరిస్టులకు రోజువారీ అద్దెకు పోతున్నాయి.

అసలు ఈ లోగిళ్లు అందం కోసం పుట్టలేదు, ఎండ నుంచి పుట్టాయి. కోర్దోబాలో వేసవిలో 40 డిగ్రీలు దాటడం మామూలే. రోమన్లు అక్కడ నడిమి లోగిలి ఉన్న ఇళ్లు కట్టారు. 711లో ముస్లింలు వచ్చాక, 1236లో మూడో ఫెర్నాందో రాజు ఊరిని పట్టుకునేదాకా సాగిన ఐదు వందల ఏళ్లలో ఆ పద్ధతి ఇంకా బలపడింది. వీధి వైపు దాదాపు కిటికీలు లేని గోడ, లోపల నీళ్లు, నీడ, పచ్చదనం. మన మండువా లోగిలి తెలిసినవాళ్లకు దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు.

ఊళ్లో గొప్పవాళ్లకూ పాటియోలు ఉన్నాయి. వియానా ప్యాలెస్ ఒక్కదానిలోనే 12 ఉన్నాయి. కానీ ఈ పండుగకు ప్రాణం పోసింది పేదల వాటాల ఇళ్లే. పెద్ద పాత ఇళ్లను గదులుగా విడగొట్టి అద్దెకిచ్చేవాళ్లు. కుటుంబానికి ఒకటో రెండో గదులు. బావి, బట్టలుతుకునే తొట్టి, మరుగుదొడ్డి, చాలాచోట్ల వంటగది కూడా అందరికీ ఉమ్మడి. గదిలో ఊపిరాడదు కాబట్టి బతుకంతా పాటియోలోనే. పిల్లలు అక్కడే ఆడుకునేవాళ్లు, సాయంత్రం కుర్చీలు అక్కడే వేసుకునేవాళ్లు, తగాదాలూ అక్కడే. కుండీలు కొనే స్తోమత లేనివాళ్లు ఖాళీ డబ్బాలకు రంగేసి మొక్కలు పెట్టారు. ఆ పాత డబ్బాల్లో మొక్కలు ఇప్పటికీ చాలా గోడల మీద కనిపిస్తాయి.

1921లో నగర మున్సిపాలిటీ మొదటిసారి పాటియోల పోటీ పెట్టింది. పాల్గొన్నవాళ్లు తక్కువ. మళ్లీ పోటీ జరగడానికి 1933 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ తర్వాత అంతర్యుద్ధం. 40ల్లో పోటీ మళ్లీ మొదలై నిలదొక్కుకుంది. విచిత్రం ఏమిటంటే, పోటీకి పేరొస్తున్న కాలంలోనే ఇళ్లు ఖాళీ అయ్యాయి. 60ల్లో, 70ల్లో ఊరి చుట్టూ కొత్త ఫ్లాట్లు లేచాయి. సొంత బాత్రూమ్, సొంత వంటగది దొరుకుతుంటే ఉమ్మడి తొట్టి దగ్గర వంతు కోసం ఎవరు నిలబడతారు? వాళ్లను తప్పుపట్టలేం. ఎన్నో వాటాల ఇళ్లను కూలగొట్టారు. పాటియో మీద ప్రేమ చంపుకోలేక ఉండిపోయినవాళ్లే దాన్ని మన దాకా తెచ్చారు.

వాళ్ల పని ఎంత కష్టమో నీళ్లు పోసేటప్పుడు చూడాలి. పై వరస కుండీలు మనిషికి అందవు. పొడవాటి వెదురు కర్ర చివర చిన్న డబ్బా కట్టి, అందులో నీళ్లు నింపి, తల పైకెత్తి, ఒక్కో కుండీలో జాగ్రత్తగా ఒంపుతారు. కర్ర కొంచెం వణికితే నీళ్లు మొహం మీదే. ఇలా వందల కుండీలకు, ఎండాకాలంలో అయితే రోజూ. ఎక్కువగా ఈ పని ఆడవాళ్లదే, అందులోనూ వయసు మళ్లినవాళ్లదే. పాతబస్తీలోని పువెర్తా దెల్ రింకోన్ అనే చోట ఇలా కర్రతో నీళ్లు పోస్తున్న స్త్రీ కంచు విగ్రహం పెట్టారు. ఆ గౌరవం వాళ్లకు ఎప్పుడో దక్కాల్సింది.

1992లో మాద్రిద్-సెవిల్యా హైస్పీడ్ రైలు కోర్దోబా మీదుగా మొదలైంది. రాజధాని నుంచి రెండు గంటల లోపే ప్రయాణం. పొద్దున వచ్చి రాత్రికి వెళ్లిపోయే జనం పెరిగారు. 2012 డిసెంబర్‌లో యునెస్కో ఈ పండుగను మానవాళి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది. గుర్తింపు ఇచ్చినప్పుడు యునెస్కో మెచ్చుకున్నది ఒక్క పూలనే కాదు, ఇరుగుపొరుగు కలిసి బతికే తీరును, ఒకరికొకరు సాయపడే అలవాటును. ఆ తర్వాతి నుంచి శని ఆదివారాల్లో శాన్ బసీలియో పేట సందుల్లో పొడవాటి క్యూలు. తలుపు దగ్గర మనుషుల్ని పెట్టి కొంతమంది చొప్పునే లోపలికి వదలాల్సి వస్తోంది. ఇంటివాళ్లకు మున్సిపాలిటీ బహుమతులు, కొంత ఆర్థిక సాయం ఇస్తుంది. కానీ ఏడాది పొడవునా చేసే చాకిరీకి అది సరిపోదు. పిల్లలు వేరే పేటల్లో స్థిరపడ్డారు. ఇల్లు చూసుకునే పెద్దావిడ పోతే, ఆ ఇల్లు కొనడానికి ముందు వచ్చేది టూరిస్టు అద్దెల వ్యాపారే.

టూరిస్టు ఇళ్లకు కోర్దోబా ఉన్న అందలూసియా ప్రాంత ప్రభుత్వం 2016లో నిబంధనలు తెచ్చింది. వాటి సంఖ్యకు పరిమితి పెట్టే అధికారాన్ని 2024లో మున్సిపాలిటీలకు ఇచ్చింది. ఆ అధికారాన్ని పాతబస్తీలో గట్టిగా వాడాలని నా అభిప్రాయం. రాత్రికో కుటుంబం మారే ఇంట్లో కుండీలకు నీళ్లు పోయడానికి జీతగాణ్ణి పెట్టుకోవచ్చు, పొరుగింటివాళ్లను మాత్రం పెట్టుకోలేం. అషెర్కియా అనే తూర్పు పాతబస్తీలో కొందరు ఆర్కిటెక్టులు, స్థానికులు కలిసి ఇంకో దారి పట్టారు. ఖాళీగా పడివున్న పాటియో ఇళ్లను సహకార సంఘాలుగా ఏర్పడి బాగుచేసుకుని, కుటుంబాలు కలిసి ఉండేలా చేయాలన్నది వాళ్ల ప్రయత్నం. ఉమ్మడి లోగిలి ఉంటుంది, ఎవరి బాత్రూమ్ వాళ్లకుంటుంది. 60ల్లో జనాన్ని బయటికి పంపిన ఇబ్బంది తీరుతుంది కాబట్టి ఇది నిలబడే అవకాశం ఉంది.

చూడ్డానికి వెళ్లేవాళ్లు వారం మధ్యలో వెళ్లడం మేలు. శాన్ బసీలియో ఒక్కటే చూసి తిరిగి రాకుండా శాన్ లొరెన్సో, శాంతా మరీనా పేటల వైపు కూడా నడవండి. అక్కడ క్యూ తక్కువ, ఇంటివాళ్లతో నాలుగు మాటలు మాట్లాడే తీరిక దొరుకుతుంది.